రెండు వేల దిర్హాములంటే చేతిలో ఎంత?

ఈసారి ఉత్తరం తిరుపతి కొర్లగుంట నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీలు రాశారు, మధ్యలో ఒక పేజీ నిండా కూడికలు, తీసివేతలే. అంతా ఇక్కడ ఇవ్వలేను కాబట్టి సారాంశం చెప్తాను.

ఆయనకు 34 ఏళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి పదకొండేళ్లుగా రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో ఉన్నారు. చేతికి 26,000 వస్తుంది. భార్య బీఎస్సీ నర్సింగ్ చదివి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నారు, 19,000. పాప యూకేజీ. షుగర్ ఉన్న తల్లి వీళ్లతోనే ఉంటుంది. అద్దె 8,500, బ్యాంకులో నగల మీద అప్పు 1,50,000, నెలాఖరుకి ఐదారు వేలు మిగిలితే గొప్ప. మొన్న మే నెలలో చిత్తూరు దగ్గర మామగారింట్లో గృహప్రవేశం జరిగింది. డల్లాస్ నుంచి వచ్చిన తోడల్లుడు భోజనాల దగ్గర అందరూ వింటుండగా "నాకు నెలకి ఏడు వేల డాలర్లు, మన డబ్బుల్లో ఆరు లక్షలు. ఇక్కడ నెలంతా చాకిరీ చేసినా అక్కడ ఒకటిన్నర రోజు జీతం రాదు" అన్నాడట. ఈయన సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచిపోయారు. తర్వాత రెండు వారాలకు ఒక స్నేహితుడి ద్వారా ఏజెంట్ పరిచయమయ్యాడు. షార్జాలో బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీ, నెలకి 2,000 దిర్హాములు, రూమ్ ఫ్రీ, తిండి సొంతం, రోజుకి పది గంటలు, వారానికి ఆరు రోజులు. ఏజెంట్‌కి 1,30,000 ఇవ్వాలి, అందులో 20,000 అడ్వాన్స్ ఈ నెల 15 లోపు కట్టాలి. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. తల్లి ఏడుస్తోంది. భార్య "మీ ఇష్టం" అంది. "48,000 ఎక్కడ, 26,000 ఎక్కడ? వెళ్లాలా వద్దా ఒక్క మాటలో చెప్పండి మేడమ్" అని ముగించారు.

ఒక్క మాటలో చెప్పను తమ్ముడూ. చెప్పలేక కాదు. వెళ్లినా ఉన్నా దాని బరువు మోసేది మీ నలుగురూ కాబట్టి. కానీ మీ కూడికల పేజీ చూశాక అందులో ఒక తప్పు కనిపించింది, ముందు అది సరిచేద్దాం. ఆ తప్పు మీ ఒక్కరిదీ కాదు, గల్ఫ్‌కి వెళ్లే ప్రతి మనిషీ మొదటి రోజు చేసేదే.

నేను 2008 నుంచి ఆరేళ్లు షార్జాలోనే ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ చూశాను. దాదాపు మూడొందల మంది జీతాల షీటు నా చేతి మీదుగా పోయేది. మొదట్లో కవర్లో నోట్లు పెట్టి ఇచ్చేవాళ్లం. 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలని అక్కడి ప్రభుత్వం పద్ధతి మార్చాక అందరికీ కార్డులొచ్చాయి. వాళ్లలో పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక ప్లంబర్ ఉండేవాడు. చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్, దానికో రబ్బరు బ్యాండు. ఎడమ పేజీలో దిర్హాములు, కుడి పేజీలో రూపాయలు. మా ఆఫీసు కింద కేరళవాళ్ల హోటల్లో టీ ఒక దిర్హామ్. దిర్హామ్ అప్పుడు 13 రూపాయల దగ్గరుండేది. "టీకి పదమూడు రూపాయలా మేడమ్, మా ఊళ్లో మూడు టీలు తాగొచ్చు" అని ఐదు నెలలు టీ మానేశాడు. అదే మనిషి మొదటి జీతం రాగానే 900 దిర్హాముల్ని మొత్తంగా 13తో గుణించి 11,700 అని ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్లావిడ సంతోషంగా ఆ లెక్కకి తగ్గ చీటీలో చేరిపోయింది. నెల తిరిగేసరికి మెస్ బిల్లు, సబ్బులు, ఫోన్ కార్డులు పోను పంపగలిగింది ఏడు వేలు. తర్వాత రెండేళ్లు వాళ్లిద్దరి ఫోన్లన్నీ ఆ 4,700 ఏమైందన్న గొడవతోనే సాగాయి. నా కిటికీ దగ్గర నిలబడి జీతం స్లిప్పు జిరాక్స్ అడిగాడు ఒకసారి, భార్యకి పంపి నిరూపించుకోవడానికి. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

టీని గుణించినప్పుడూ అతను తప్పే చేశాడు, జీతాన్ని గుణించినప్పుడూ తప్పే చేశాడు. అక్కడ ఖర్చయ్యే దిర్హామ్ దిర్హామే, అది ఎప్పటికీ రూపాయి కాదు. బ్యాంకు రేటు వర్తించేది మీరు ఖర్చు పెట్టకుండా మిగిల్చి ఇంటికి పంపిన దానికి మాత్రమే. గుణించాల్సింది జీతాన్ని కాదు, మిగులుని. మీ పేజీలో 2,000ని గుణించేశారు.

ఇది ఎందుకిలా ఉంటుందో కాస్త చెప్తాను, మీ తోడల్లుడి మాట కూడా దీంతోనే తేలిపోతుంది. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో కొన్నేళ్లకోసారి దేశదేశాల్లో ధరలు సేకరించి పోలుస్తారు. బియ్యం, అద్దె, బస్సు టికెట్, డాక్టర్ ఫీజు అన్నీ. 2017 లెక్కలో తేలింది ఏమిటంటే, అమెరికాలో ఒక డాలర్‌కి వచ్చేది మన దేశంలో సగటున 20 రూపాయల 65 పైసలకు దొరుకుతుంది. ఆ ఏడాది బ్యాంకులో డాలర్ 65 రూపాయలు. అంటే మన ధరలు అక్కడి ధరల్లో మూడో వంతు. అన్నీ కాదు, ఫోను, బంగారం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే ధర. తేడా అంతా మనిషి చేతి పనిలోనూ ఇంటి అద్దెలోనూ ఉంది. కొర్లగుంటలో క్షురకుడు పావుగంటలో క్రాఫ్ చేస్తాడు, జర్మనీలో అతనూ అదే కత్తెరతో అదే పావుగంట చేస్తాడు, కానీ ఇక్కడ వంద రూపాయలు, అక్కడ పాతిక యూరోలు. అక్కడి ఫ్యాక్టరీల్లో ఒక్కో మనిషి గంటకి తీసే సరుకు ఎక్కువ కాబట్టి అక్కడ జీతాలు ఎక్కువ, అంత జీతం ఇవ్వకపోతే కత్తెర పట్టేవాడు కూడా ఫ్యాక్టరీకే పోతాడు, అందుకని క్రాఫ్ ధరా పెరుగుతుంది. బలాసా, శామ్యూల్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1964లోనే ఎవరికి వారు ఈ సంగతి వివరించారు.

ఇప్పుడు మీ తోడల్లుడు. ఆయన అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అది ఆయన అదృష్టం. అయినా కేంద్రం పన్ను, సోషల్ సెక్యూరిటీ, కుటుంబానికి ఆరోగ్య బీమా పోగా ఏడు వేలలో చేతికొచ్చేది నా అంచనాలో 5,400 దగ్గర. అద్దె 1,800, కారు వాయిదా, బీమా, పెట్రోలు కలిపి 700, సరుకులు 700, చిన్నపిల్లాడి డేకేర్ 1,100, కరెంటు, ఫోన్లు, చిల్లర 300. మిగిలేది 800 డాలర్లు, డాలర్ 88 చొప్పున 70 వేల రూపాయలు. మీకంటే ఎక్కువే మిగులుతుంది, అది ఒప్పుకోవాలి. ఆరు లక్షలు మాత్రం కాదు. ఆ రోజు విస్తరి ముందు మిమ్మల్ని పొడిచింది ఆరు లక్షలన్న మాట, దాని మీద కోపంతో మీరు షార్జా పేపర్ల మీద సంతకం పెట్టబోతున్నారు. ఆ అవమానం నిజమే, నేను తక్కువ చేయడం లేదు. అలాంటి మాట పంక్తిలో పడితే నెలల తరబడి నిద్ర పట్టదు. కానీ షార్జా ఉద్యోగం ఆ మాటకి సమాధానం కాదు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు రెండు వేల దిర్హాముల్ని కూడా డాలర్లలోకి మార్చి 545 అంటాడు.

సరే, షార్జా లెక్క. దిర్హామ్ 24 రూపాయలు అనుకుందాం. 2,000లో తిండికి నలుగురూ కలిసి వండుకుంటే 450. ఫోను, నెట్, సబ్బు, క్రాఫ్, సెలవు రోజు బయట ఒక పూట భోజనం, జ్వరమొస్తే మందులు, అన్నీ కలిపి 250కి తక్కువ కాదు. వాట్సాప్ కాల్ అక్కడ మామూలు నెట్‌లో పనిచేయదు, ఇంటికి వీడియో కాల్ చేయాలంటే వేరే యాప్‌కి ప్యాక్ వేసుకోవాలి. పాప ముఖం చూడకుండా ఎవరుంటారు, కాబట్టి అదీ ఖర్చే. మొత్తం 700. మిగులు 1,300, అంటే 31,200 రూపాయలు.

ఇక్కడ మీరు ఇంట్లో తినే తిండి, బండి పెట్రోలు, మీ సొంత ఖర్చు 5,500 అని మీరే రాశారు. మీరు వెళ్తే అది ఇంట్లో మిగులుతుంది. దాన్ని కలిపితే 36,700. ఇప్పుడొచ్చే 26,000 తీసేస్తే నెలకి 10,700 లాభం. మీరనుకున్నది 22,000. ఇక గంటల లెక్క. ఇక్కడ ఎనిమిది గంటల చొప్పున 26 రోజులు, మీ ఖర్చు పోను గంటకి 99 రూపాయలు మిగులుతోంది. అక్కడ పది గంటల చొప్పున 26 రోజులు, గంటకి 120. ఇంటిని, పాపని వదిలిపెట్టి ఎండలో అదనంగా నెలకి 52 గంటలు పనిచేస్తే వచ్చే తేడా ఇది.

రెండేళ్లకి 10,700 చొప్పున 2,56,800. అందులోంచి ఏజెంట్ 1,30,000. నెలనెలా అసలు తీరుస్తూ పోయినా వడ్డీ 32,000 దాటుతుంది. ఇక్కడ మానేసిన రోజుకీ అక్కడ మొదటి జీతానికీ మధ్య నెల ఖాళీ వస్తే ఇంకో 26,000. చివరికి రెండేళ్లకి మీ చేతిలో పడేది 70,000 లోపే. అక్కడ గ్రాట్యుటీ వస్తుంది, మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్. మీ ఆఫర్‌లో బేసిక్ 1,200 అని ఉంది కాబట్టి ఏడాదికి 840 దిర్హాములు, 20,160 రూపాయలు. ఇక్కడ మీ కంపెనీ కట్టే పీఎఫ్ వాటా నెలకి 1,800 అన్నారు, ఏడాదికి 21,600. అదీ ఇదీ సరికి సరి.

ఇంకో లెక్క మీ పేజీలో లేనే లేదు. మీ భార్యకి నెలలో పది రోజులు నైట్ డ్యూటీ అని మూడో పేజీలో రాశారు, ఆ రాత్రులు పాపని మీరు పడుకోబెడుతున్నారని కూడా. మీరు షార్జాలో ఉంటే ఆ పది రాత్రులు ఎవరు? షుగర్‌తో కాళ్లు తిమ్మిర్లెక్కిన మీ అమ్మగారా? ఆరు నెలలు లాగి మీ భార్య ఉద్యోగం మానేస్తే 19,000 పోతుంది. మీ లాభం 10,700. అప్పుడు మీరు అప్పు చేసి ఎడారికి వెళ్లి ఇంటి ఆదాయాన్ని తగ్గించినట్టవుతుంది. కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్దామంటే జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. 2,000 జీతానికి ఆ దారి మూసుకుపోయినట్టే.

అంతా విని కూడా వెళ్లాలనిపిస్తే, అదీ తప్పేం కాదు. మూడు నాలుగేళ్ల తర్వాత అక్కడి అనుభవంతో 3,500, 4,000 జీతాలకి మారినవాళ్లని నా షీట్లలోనే చూశాను, ఎలక్ట్రీషియన్లు ముఖ్యంగా. నగలు విడిపించుకుని స్థలం కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. రూపాయి పడిపోతున్న కొద్దీ పంపే డబ్బుకి బలం వస్తుంది, 13 రూపాయల దిర్హామ్ 24 అయింది కదా. కాకపోతే ఇదే కాలంలో ఇక్కడి అద్దెలు, స్కూలు ఫీజులు కూడా పెరిగాయి. వెళ్లేట్టయితే ఈ 1,30,000 మీద మాత్రం గట్టిగా నిలబడండి. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం లైసెన్సున్న ఏజెంట్ కూడా 30,000, దానిపై జీఎస్టీ, మొత్తం 35,400 మించి తీసుకోకూడదు. యూఏఈ చట్టమైతే వీసా, నియామక ఖర్చు కంపెనీదే అంటుంది, పనివాడి దగ్గర తీసుకోకూడదు. ఏజెంట్ లైసెన్సు నంబరు అడిగి మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో మీరే వెతకండి. మీరు డిప్లొమా చదివారు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తప్పనిసరి కాదు, అందుకే మీలాంటి వాళ్ల దగ్గర ఏజెంట్లు స్వేచ్ఛగా ఉంటారు. ఆఫర్ లెటర్ అక్కడి కార్మిక శాఖ నమూనాలో ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. "ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్చేస్తారు" అంటే అక్కడితో మాట ఆపేయండి. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం, దొరికితే ఏజెంట్ కాదు మీరే ఇరుక్కుంటారు. ఇక రోజుకి పది గంటలన్నారే, అక్కడి చట్టంలో మామూలు పని రోజుకి ఎనిమిది, వారానికి 48. పైన చేసిన గంటకి ఓవర్‌టైమ్ కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. ఆ రెండు గంటలూ 2,000లోనే కలిపేశారా, విడిగా ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. విడిగా ఇస్తే పైన నేను వేసిన లెక్క మొత్తం మీకు అనుకూలంగా మారుతుంది, అప్పుడు మళ్లీ వేసుకోండి.

ఇక్కడే ఉండే దారి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, "ఇక్కడ ఎదుగూ బొదుగూ లేదు" అని. పదకొండేళ్లు ఒకే చోట ఉంటే అలాగే అనిపిస్తుంది. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, సత్యవేడు దగ్గర శ్రీసిటీ, ఇన్ని ప్లాంట్లు మీ చుట్టూ గంట గంటన్నర దూరంలో ఉన్నాయి. పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపించే చిన్న కంప్యూటరు) ప్రోగ్రామింగ్ తెలిసిన మెయింటెనెన్స్ మనిషికి వాటిలో గిరాకీ ఉంది. ఆరు నెలల కోర్సు, దానికయ్యే ఖర్చు మీ ఏజెంట్ అడ్వాన్స్‌కి కాస్త అటూ ఇటూ. చేరగానే జీతం రెట్టింపు కాదు, ఏడెనిమిది వేలు పెరిగినా షార్జా లాభంలో ముప్పాతిక వంతు అప్పు లేకుండా, పాప పక్కన ఉండగానే వచ్చినట్టు. దీని ఇబ్బంది కూడా చెప్తాను. సాయంత్రాలు చదువుకోవాలి, 34లో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదట్లో చిరాకు పుట్టిస్తుంది, అన్నిటికీ మించి మామగారింట్లో చెప్పుకోడానికి విమానం టికెట్ ఉండదు. ఆ చివరిది మిమ్మల్ని ఎంత బాధపెడుతుందో మీకే తెలియాలి.

ఇప్పుడు నన్ను రెండు రోజులు ఆలోచింపజేసిన సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో విదేశాల్లో నిజంగా గిరాకీ ఉన్న చదువు ఒకటుంది, అది మీది కాదు. బీఎస్సీ నర్సింగ్, ఏడేళ్ల అనుభవం, అందులో నాలుగేళ్లు ఐసీయూ. దీన్ని మీరు ఆరు పేజీల్లో ఒక్క లైనులో దాటేశారు.

జర్మనీని ఉదాహరణకి తీసుకుంటాను, అంకెలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి. వృద్ధుల సంరక్షణ రంగంలో అర్హత ఉన్న నర్సుకి అక్కడ 2025 జులైలో కనీస వేతనం గంటకి 20.50 యూరోలు చేశారు. వారానికి 38, 39 గంటల పనికి నెలకి 3,400 దాకా. ఇందులో పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా గట్టిగా కోస్తారు, చేతికొచ్చేది 2,250 దగ్గర. మ్యూనిక్ లాంటి ఖరీదైన నగరం కాకుండా మధ్యస్థంగా ఉండే ఊళ్లో హీటింగ్‌తో కలిపి ఒక గది 600, సొంతంగా వండుకుంటే సరుకులు 250, బస్సు రైలు నెల పాస్ 60 దగ్గర, ఫోను, బట్టలు, మిగతావి 200. ఇంటికొకటిగా వసూలు చేసే రేడియో టీవీ చందా 18.36 కూడా ఉంటుంది. మిగులు 1,100 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే లక్షా పదివేలు. ఇది జీతం కాదు, మిగులు. గుణించదగ్గది.

వినగానే కళ్లు మెరుస్తాయి, అందుకే రెండో వైపు కూడా అంతే వివరంగా చెప్పాలి. ముందు జర్మన్ భాష. నర్సుగా గుర్తింపు రావాలంటే బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతారు, సున్నా నుంచి మొదలుపెడితే డ్యూటీలు చేస్తూ ఏడాదిన్నర పడుతుంది, పరీక్షకి చెన్నై వెళ్లాలి. తర్వాత అక్కడి రాష్ట్ర అధికారులు మన డిగ్రీని చూసి ఏయే సబ్జెక్టులు తక్కువున్నాయో రాసిస్తారు, దానికి పరీక్షో శిక్షణో పూర్తి చేయాలి. అంతదాకా సహాయకురాలి జీతమే, గంటకి 16 యూరోల చిల్లర, మిగులు ఏడెనిమిది వందలకి పడిపోతుంది. చలి, చీకటి, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకడం, తోడుగా తెలుగు మాట లేకపోవడం. పాపకి ఆరు ఏడేళ్ల వయసులో తల్లి ఏడాదో రెండేళ్లో దూరం. ఇంట్లో వంట, జడ వేయడం, హోంవర్క్, అమ్మగారి ఇన్సులిన్, అన్నీ మీ చేతుల మీదికి వస్తాయి. మీ బంధువుల్లో "పెళ్లాన్ని పంపించి ఇంట్లో కూర్చున్నాడు" అనే నోళ్లు ఉంటాయి. తోడల్లుడి ఒక్క మాటకే లేచిపోయిన మనిషి ఆ మాటలు తట్టుకోగలరా అన్నది నిజాయితీగా ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇంకోటి. మీరందరూ వెళ్లి అక్కడ ఉండే రోజు వస్తే లెక్క మళ్లీ మారుతుంది. ఇల్లు వెయ్యి, పన్నెండొందలు అవుతుంది, లక్షా పదివేలు ఆవిరవుతుంది, గుణకారం అక్కడితో ఆగిపోతుంది. పాప స్కూలు ఫీజు ఉండదు, పిల్లల భత్యం 2025లో నెలకి 255 యూరోలు వచ్చేది, ఆసుపత్రి ఖర్చు బీమాలో పోతుంది, కానీ ఇంటికి పంపే డబ్బు మీకూ అక్కడ పని దొరికేదాకా నామమాత్రమే. పంపడానికి వెళ్లడం వేరు, బతకడానికి వెళ్లడం వేరు. మొదటిదానికి బ్యాంకు రేటు చూడాలి, రెండోదానికి ఆ ఊరి అద్దె, ఆ ఊరి బడి, మీ అమ్మగారు ఎవరి దగ్గర ఉంటారన్నది చూడాలి. ఈ రెండిట్లో మీకేది కావాలో మీ ఉత్తరంలో లేదు. నగలు విడిపించడం, తిరుచానూరు వైపు రెండు సెంట్ల స్థలం అని ఒకచోట రాశారు. అంతవరకే అయితే రెండు మూడేళ్ల మిగులు చాలు.

ఈ దారిలో డబ్బు అడిగే కన్సల్టెన్సీలు ఇప్పటికే చాలా ఉన్నాయి. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ, అక్కడి ప్రభుత్వానిదే అయిన అంతర్జాతీయ సహకార సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే ట్రిపుల్ విన్ పథకంలో నర్సు దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోరు. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే విదేశీ ఉపాధి సంస్థ ఉంది, దాని నోటిఫికేషన్లు చూస్తుండండి. దుబాయ్, సౌదీల్లో నర్సు లైసెన్సు పరీక్షలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి అవి త్వరగా తేలతాయి, జీతం తక్కువ. ఏదైనా ముందు జర్మన్‌లో మొదటి మెట్టు, ఏ1 స్థాయి, మూడు నెలలు నేర్చుకుని చూస్తే, ఆవిడకి ఆ భాష పడుతుందో లేదో పెద్ద ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

అయితే ఇదంతా నేను చెప్పడం, మీరు వినడం. ఆవిడ "మీ ఇష్టం" అన్నారన్నారు. మన ఇళ్లలో ఆడవాళ్లు "మీ ఇష్టం" అనేది చాలాసార్లు చెప్పాల్సింది చెప్పి విసిగిపోయాకే. మీరు షార్జా గురించి ఆవిడకి చెప్పారు, అడగలేదని నాకనిపిస్తోంది. ఆవిడకి విదేశం ఊసే ఇష్టం లేకపోవచ్చు, లేదా పెళ్లికి ముందు దరఖాస్తు పెట్టి మానేసి ఉండొచ్చు. ఇక్కడే ప్రభుత్వ ఆసుపత్రి నర్సు పోస్టుకి చదువుకోవాలని ఉండొచ్చు, అదొస్తే ఇప్పటి జీతం కంటే బాగా మెరుగు. నాకు తెలియదు, మీకూ తెలియదు.

15వ తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ 20,000 కట్టకండి, కనీసం ఈలోపు. నైట్ డ్యూటీ లేని ఒక రాత్రి పాప నిద్రపోయాక మీ కూడికల పేజీని ఆవిడ ముందు పెట్టండి, పక్కనే ఖాళీ కాగితం ఒకటి పెట్టి ఆవిడని రాయమనండి, మీరు పెన్ను ముట్టుకోవద్దు. ఆవిడ రాసిన కాగితం, ఏజెంట్ ఇచ్చిన ఆఫర్ లెటర్ రెండూ ఫోటో తీసి నాకు పంపండి, పేర్లు కొట్టేసి. ఓవర్‌టైమ్ గురించి కంపెనీ ఏమందో కూడా రాయండి, ఆ లెక్క నేనే మళ్లీ వేసి పెడతాను.